"బాగానే ఉందండీ" అంటే సరిపోదు: స్టేక్‌హోల్డర్లతో మీ సంబంధాలను బేరీజు వేసుకోవడం ఎలా?

క్లయింట్‌తోనో, మన పనితో ముడిపడ్డ ఇంకే స్టేక్‌హోల్డర్‌తోనో ఎలా నడుస్తోంది అని పైవాళ్లు అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "బాగానే ఉందండీ." సరే, బాగుందని ఎలా తెలుసు అని ఇంకొక్క ప్రశ్న వేస్తే మాత్రం, మీటింగుల్లో నవ్వుతూ మాట్లాడతారనో, కంప్లయింట్లేమీ రావట్లేదనో, మెసేజ్ పెడితే వెంటనే థంబ్స్ అప్ వస్తుందనో చెప్పి ఊరుకుంటాం. అవన్నీ మర్యాదకు గుర్తులు. మర్యాద ఉన్నచోటల్లా నమ్మకం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక కంప్లయింట్లు రాకపోవడం సంగతికొస్తే, అది కొన్నిసార్లు అన్నిటికన్నా చెడ్డ సూచన. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే దీన్ని విడమరిచి చెప్పాడు: నచ్చనప్పుడు మనిషికి ఉన్న దారులు ముఖ్యంగా రెండు, నోరు తెరిచి చెప్పడం, లేదా చెప్పాపెట్టకుండా తప్పుకోవడం. కాస్తో కూస్తో అభిమానం మిగిలి ఉంటేనే మనిషి మొదటి దారి పట్టే అవకాశం ఎక్కువ. అందుకని ప్రతి రిపోర్టుకీ ఏదో ఒక వంక పెట్టే మనిషి ఉన్నట్టుండి "ఓకే" అనడం మొదలుపెడితే, హమ్మయ్య అనుకోకండి. టెన్షన్ పడాల్సింది అప్పుడే.

నేను గట్టిగా నమ్మేది ఇది. ఒక సంబంధం ఎంత గట్టిదో తెలియాలంటే చెడు కబురు ఏ దారిన వస్తోందో చూడాలి. అవతలివాళ్ల దగ్గర ఏదైనా తేడా జరిగితే అది మీకు ఎంత త్వరగా తెలుస్తోంది, ఎవరి నోటి ద్వారా తెలుస్తోంది? మీ వైపు తేడా జరిగితే వాళ్లకి మీరు ఎప్పుడు చెప్తున్నారు? కింద రాసిన పద్ధతంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఒక ఎక్సెల్ షీటు తెరిచి, ఒక మధ్యాహ్నం కేటాయించి కూర్చోండి.

1. ముందు పేర్లు రాయండి, డిపార్ట్‌మెంట్లు వద్దు

"ఫైనాన్స్", "క్లయింట్ సైడ్", "వెండర్" అని రాసుకుంటే పని అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే మనకి సంబంధాలుండేది మనుషులతో. ఫైనాన్స్‌లో మీ బడ్జెట్ చూసే మేనేజర్‌తో బాగా కుదిరి, అదే టీమ్‌లో ఇన్‌వాయిస్‌లు ప్రాసెస్ చేసే వ్యక్తితో అసలు పడకపోవచ్చు. అవి రెండు వేర్వేరు వరసలు, వేర్వేరుగానే రాయండి.

ఎవరెవర్ని చేర్చాలి? ఎడ్వర్డ్ ఫ్రీమన్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు 1984లో స్టేక్‌హోల్డర్‌కి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలంగా ఉంటుంది. మీ పనిమీద ప్రభావం చూపగలిగినవాళ్లూ, మీ పని ప్రభావం పడేవాళ్లూ, అందరూ అందులోకి వస్తారు. మనం మొదటి రకాన్ని మర్చిపోం, వాళ్ల చేతిలో అప్రూవల్ ఉంటుంది కాబట్టి. జారిపోయేది రెండో రకం. మీరు తయారుచేసిన సిస్టమ్‌తో రోజూ తంటాలు పడాల్సిన సపోర్ట్ టీమ్, మీరు డెడ్‌లైన్ ఒక రోజు జరిపితే ఆ రాత్రి కూర్చోవాల్సిన టెస్టింగ్ వాళ్లు, వీళ్లలో కనీసం ఇద్దరి పేర్లైనా షీట్‌లో ఉండాలి.

జాబితా పన్నెండు పేర్లు దాటిపోతుంటే, ఎవరికి ఎంత పవర్ ఉంది, ఎవరికి ఎంత ఆసక్తి ఉంది అని రెండు గీతలు గీసి నాలుగు గళ్లలో పేర్లు పంచండి, మెండెలో గ్రిడ్ అని మేనేజ్‌మెంట్ కోర్సుల్లో చెప్పేది ఇదే. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఎవరు ముఖ్యమో మాత్రమే ఆ గ్రిడ్ చెప్తుంది. వాళ్లతో మీ సంబంధం ఎలా ఉందో అది చెప్పదు. గ్రిడ్ గీసేసి స్టేక్‌హోల్డర్ల పని అయిపోయిందనుకునే టీమ్‌లు చాలా ఉన్నాయి, అసలు పని అప్పటికింకా మొదలే కాలేదు.

2. ఎవరితో ఎంతవరకు అవసరమో తేల్చుకోండి

అందరితో ప్రాణస్నేహం అక్కర్లేదు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ గైడ్‌లో దీనికి ఐదు స్థాయిలున్నాయి: విషయమే తెలియనివాళ్లు, వ్యతిరేకించేవాళ్లు, తటస్థులు, మద్దతిచ్చేవాళ్లు, ముందుండి నడిపేవాళ్లు. ప్రతి పేరుకీ ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నారో ఒక గుర్తు, ఏ స్థాయిలో ఉంటే మీ పని సాగుతుందో ఇంకో గుర్తు పెట్టండి. ఆడిటర్ తటస్థంగా ఉండటమే సరైనది, ఆయన మీకు మద్దతుదారు అయిపోతే అదో సమస్య. ఈ మెట్టుకి పది నిమిషాలు చాలు, ముందుకు వెళ్దాం.

3. మార్కులు వేయకముందు మూడు నెలల రికార్డు తిరగేయండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే, తొందరపడకండి. మనసులో ఉన్న అభిప్రాయంతో మార్కులు వేస్తే మొన్నటి మీటింగ్ మూడ్ తప్ప ఇంకేమీ కనపడదు. అందుకే ఒక్కో పేరు తీసుకుని ఆ మనిషితో నడిచిన మెయిళ్లు, చాట్, క్యాలెండర్ మొదటినుంచి చూడండి.

ఉదాహరణకి ఒక క్లయింట్ మేనేజర్ రాసిన మెయిల్ ఇలా ఉందనుకుందాం:

"రిపోర్ట్ చూశానండీ. మూడో పేజీలో లెక్క నాకు అర్థం కాలేదు, ఒకసారి కాల్ చేస్తారా? ఇంకో సంగతి, మా వైపు అప్రూవల్ ఈ వారం రాకపోవచ్చు. ఇంకా అఫీషియల్ కాదు, మీ చెవిన వేస్తున్నా."

అదే మనిషి కొన్నాళ్లకు:

"రిపోర్ట్ అందింది. పరిశీలించి తెలియజేస్తాం."

రెండో దాంట్లో కటువైన మాట ఒక్కటీ లేదు. అయినా ఎన్ని పోయాయో చూడండి. "నేను" పోయి "మేము" వచ్చింది. అర్థం కాలేదని ఒప్పుకునే చనువు పోయింది. కాల్ చేయమని అడగడం పోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, అఫీషియల్ కాకముందే చెవిన వేయడం పోయింది. ఇంక సీసీలో వాళ్ల బాస్, కొనుగోళ్లు చూసే ప్రొక్యూర్‌మెంట్ వాళ్లు కొత్తగా చేరి ఉంటే, ఆ మనిషి మీతో మాట్లాడటం మానేసి రికార్డు కోసం రాస్తున్నట్టే లెక్క. ఈ మార్పు ఏ తేదీ దగ్గర మొదలైందో వెతకండి. చాలాసార్లు ఆ తేదీకి కాస్త ముందు ఏదో జరిగి ఉంటుంది, మీరు పెద్దగా పట్టించుకోని డెలివరీ ఆలస్యమో, అందరి ముందూ వాళ్లని ఇరుకున పెట్టిన ఒక ప్రశ్నో.

ఇలా చదువుతున్నప్పుడు గమనించాల్సినవి కొన్ని చెప్తాను. జవాబు ఎంతసేపటికి వస్తోందన్నది చూడండి, కానీ ఇంకొకరితో పోల్చకుండా ఆ మనిషి పాత అలవాటుతోనే పోల్చండి, కొందరి తీరే నిదానం. మాట ఎవరు మొదలుపెడుతున్నారు? పది సంభాషణల్లో పదీ మీరే మొదలుపెట్టి ఉంటే ఆ సంబంధం బరువంతా మీరొక్కరే మోస్తున్నట్టు. మీటింగ్‌కి తను రాకుండా జూనియర్‌ని పంపడం ఎప్పటినుంచి మొదలైంది? నిర్ణయం తీసుకునే ముందు మిమ్మల్ని అడుగుతున్నారా, తీసుకున్నాక చెప్తున్నారా? ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, ముందు అడగడమంటే మీ మాటకి విలువ ఉందని.

మాట నిలబెట్టుకోవడం రెండు వైపులా లెక్కపెట్టాలి. వాళ్లు ఇస్తామన్న తేదీలూ, ఇచ్చిన తేదీలూ చకచకా రాసేస్తాం, మన తేదీల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. "సాయంత్రానికి పంపిస్తా" అని మర్నాడు మధ్యాహ్నం పంపినవి కూడా రాయండి. మీకు అది గుర్తుండకపోవచ్చు, ఆ సాయంత్రం మెయిల్ కోసం ఎదురుచూసిన మనిషికి గుర్తుంటుంది.

చివరగా, ఈ మూడు నెలల్లో వచ్చిన ప్రతి చెడు కబురునీ విడిగా ఒక కాలమ్‌లో రాయండి. విషయం ఏమిటి, వాళ్లకి ఎప్పుడు తెలిసి ఉంటుంది, మీకు ఎప్పుడు తెలిసింది, వాళ్లే చెప్పారా లేక మీరే కనుక్కున్నారా, అదీ కాక మూడో మనిషి ద్వారా తెలిసిందా. ఒక్క చెడు కబురు కూడా రాలేదంటే, అన్నీ సజావుగా ఉన్నాయనడం కంటే మీదాకా రావట్లేదనుకోవడమే క్షేమం.

4. ఇప్పుడు మార్కులు, ఒక్కో అంశానికి విడివిడిగా

"రిలేషన్: 4/5" అని ఒకే అంకె వేస్తే దానితో చేయగలిగిందేమీ ఉండదు. లిండా హాన్, జేమ్స్ గ్రూనిగ్ అనే ప్రజాసంబంధాల పరిశోధకులు 1999లో సంస్థల సంబంధాలను కొలవడానికి ఒక చట్రం ఇచ్చారు. అందులోని ముఖ్యమైన అంశాలు ఇప్పటికీ బాగా పనికొస్తాయి, నేను వాటిని మామూలు ప్రశ్నలుగా మార్చి వాడమంటాను.

నమ్మకాన్ని వాళ్లు మూడు ముక్కలు చేశారు, అలాగే చేయండి. ఈ మనిషి నాతో న్యాయంగా ఉంటాడా? చెప్పింది చేస్తాడా? చేసే సత్తా ఉందా? ఒకే మనిషికి ఈ మూడింట్లో మార్కులు చాలా తేడాగా రావచ్చు, రావాలి కూడా. ఆ తర్వాత మాట చెల్లుబాటు: ఎవరి మాట ఎంతవరకు చెల్లాలో ఇద్దరికీ ఒప్పుదలగా ఉందా, లేక ఒకరు చెప్పడం ఒకరు తలూపడమేనా? నిబద్ధత: ఈ సంబంధం నిలబెట్టుకోవడానికి శ్రమ పడటం దండగ కాదని ఇద్దరూ అనుకుంటున్నారా? సంతృప్తి: ఆశించినంత దక్కుతోందా? ఇంకొకటి కూడా చూడమంటారు, ఇచ్చిపుచ్చుకోవడమేనా, లేక వెంటనే లాభం లేకపోయినా ఒకరికొకరు సాయపడతారా అని.

ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు వేయండి, ప్రతి అంకె పక్కనా మూడో మెట్టులో దొరికిన ఆధారం రాయండి. ఆధారం లేకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి కూడా ఒక సమాచారమే, ఆ మనిషి గురించి మీకు అనుకున్నంత తెలియదని. ఒక వెండర్ కోఆర్డినేటర్ వరస ఇలా రావచ్చు:

న్యాయం 5 (మనం పొరపాటున రెండుసార్లు చెల్లించిన బిల్లుని తనే చెప్పి వెనక్కి ఇచ్చాడు). చెప్పింది చేయడం 2 (ఆరు డెలివరీల్లో నాలుగు ఆలస్యం, రెండింటికి మాత్రమే ముందు చెప్పాడు). సత్తా 4 (వచ్చిన సరుకులో తిరస్కరించినది లేదు). మాట చెల్లుబాటు 2 (తేదీలన్నీ మనమే పెట్టాం, ఆయన ఎప్పుడూ కాదనలేదు). నిబద్ధత ఖాళీ.

ఈ వరసని నెమ్మదిగా చదవండి. సగటు తీస్తే మూడుంబావు వస్తుంది, "పర్లేదు" అనుకుని వదిలేస్తాం. విడిగా చూస్తే కథ వేరు. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు, అయినా తేదీలు తప్పుతున్నాయి. చెల్లుబాటు దగ్గర 2 ఎందుకు వచ్చిందో చూస్తే, సాధ్యం కాని తేదీలకి కూడా ఆయన కాదనలేకపోతున్నాడేమో అన్న అనుమానం వస్తుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎందుకు లేటు చేస్తున్నారు" అన్నది కాదు, "ఈ తేదీ మీకు నిజంగా కుదురుతుందా, లేకపోతే ఏ తేదీ కుదురుతుంది" అన్నది. అందుకే సగటులు తీయొద్దంటున్నాను.

5. ఇప్పుడు వాళ్లనే అడగండి

ఇప్పటిదాకా చూసింది మీ వైపు నుంచి. అవతలివైపు చూడకుండా ఈ పని పూర్తికాదు, చాలామంది వెనకాడేదీ ఇక్కడే.

సర్వే పంపాలా, కూర్చుని మాట్లాడాలా? ఫ్రెడ్ రైకెల్డ్ అనే బిజినెస్ కన్సల్టెంట్ 2003లో ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోర్ మీకు తెలిసే ఉంటుంది, మమ్మల్ని ఇంకొకరికి సిఫారసు చేస్తారా అని 0 నుంచి 10 వరకు అడగడం, 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 6, అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్ల శాతాన్ని తీసేయడం. వేలమంది కస్టమర్లున్నచోట అదొక సంకేతం. పదిమంది స్టేక్‌హోల్డర్లున్న చోట మాత్రం ఒక్క మనిషి మూడ్ మారితే స్కోరు తలకిందులవుతుంది. పైగా ఆరుగురికి పంపిన సర్వేకి "మీ పేరు ఎవరికీ తెలియదు" అని రాస్తే నమ్మేవాళ్లెవరు? రాసిన తీరు చూసి ఎవరు రాశారో చెప్పేయొచ్చు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. కాబట్టి తక్కువమంది ఉంటే మాట్లాడటమే మేలు.

అడిగే తీరు ముఖ్యం. "మాతో హ్యాపీగా ఉన్నారా?" అని అడిగితే మొహమాటానికి "ఆ, హ్యాపీ" అంటారు, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. సంఘటనల గురించి అడగండి. "మా వల్ల ఈమధ్య మీ పని ఎక్కడైనా ఆగిపోయిందా?" "మాకు చెప్పాలనుకుని చెప్పకుండా వదిలేసింది ఏదైనా ఉందా?" "మేం చేసేవాటిలో ఒకటి మానేయమంటే ఏది మానేయమంటారు?" ఈ మూడోది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది తప్పు పట్టమని అడిగినట్టు ఉండదు, ఎంచుకోమన్నట్టు ఉంటుంది.

అడిగాక ఆగండి. రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం వస్తే మనమే ఏదో ఒకటి అనేసి నింపేస్తాం, అలా చేయకండి, అసలు మాట ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. వాళ్లు చెప్తున్నప్పుడు "అంటే అప్పుడు ఏం జరిగిందంటే..." అని సంజాయిషీ మొదలుపెట్టకండి. మీ దగ్గర న్యాయమైన కారణమే ఉండొచ్చు, దాన్ని ఇంకో రోజుకి దాచుకోండి. ఒక్కసారి అడ్డుపడితే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు.

అన్నట్టు, సంబంధం బాగా చెడిందని అనుమానముంటే మీరు వెళ్లొద్దు. మీ టీమ్‌లో గానీ బయట గానీ వాళ్లకి ఇబ్బంది లేని ఇంకొకరిని పంపండి, ఎవరితో చెప్తే తేలిగ్గా ఉంటుందో వాళ్లనే ముందు అడిగినా తప్పులేదు.

6. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి తేడా చూడండి

మీరు వేసిన మార్కులు ఒకవైపు, వాళ్ల మాటల్లో తేలింది ఇంకోవైపు. ఇద్దరూ తక్కువే అనుకుంటే అదంత ప్రమాదం కాదు, సమస్య ఉందని ఇద్దరికీ తెలుసు, కూర్చుంటే సర్దుకుంటుంది. ప్రమాదమంతా మీరు 5 అనుకుంటుండగా వాళ్లు 2 అనుకునే చోట ఉంది. ఆ పేర్లకి ఎర్ర రంగు వేసుకోండి.

మీ మీద ఆధారపడ్డవాళ్లు చెప్పే మంచిని మాత్రం కొంచెం తగ్గించి తీసుకోండి. వాళ్ల బిల్లు మీరు పాస్ చేయాలి, వాళ్ల కాంట్రాక్ట్ రెన్యూవల్ మీ చేతిలో ఉంది, అలాంటప్పుడు "మీతో పనిచేయడం చాలా సౌకర్యంగా ఉందండీ" అన్న మాటలో ఎంత నిజమో ఎలా తెలుస్తుంది? అక్కడ మాటలు పక్కనపెట్టి మళ్లీ చెడు కబుర్ల కాలమ్ చూడండి. బిల్లు మీ చేతిలో ఉన్నా సరే, ఈ తేదీ కుదరదు అని మీ మొహం మీద చెప్పగలిగితే ఆ సంబంధం నిజంగా బాగున్నట్టే.

ఇంకొకటి, ఆ సంస్థతో మీకున్న మంచి అంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉందా? ఆమె రేపు ఉద్యోగం మారితే మీ ఫోన్ ఎత్తేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? మార్కులు ఎంత బాగున్నా రెండో పేరు లేని వరసలకి ఒక గుర్తు పెట్టుకోండి, వచ్చే నెలలోపు రెండో మనిషిని పరిచయం చేయమని ఆమెనే అడగొచ్చు.

7. మూడు పేర్లు ఎంచుకోండి, చాలు

షీటంతా చూసి అందర్నీ బాగుచేయాలని బయల్దేరితే ఎవరినీ బాగుచేయలేరు. రెండో మెట్టులో పెట్టుకున్న గుర్తుల మధ్య దూరం ఎక్కువగా ఉన్నవాళ్లు, మీరూ వాళ్లూ వేసిన మార్కుల్లో తేడా ఎక్కువగా ఉన్నవాళ్లు, ఈ రెండు రకాలవాళ్లనీ కలిపి మొత్తం ముగ్గుర్ని తీసుకోండి. వాళ్లు చెప్పినవాటిలో రెండు వారాల్లో అయ్యే చిన్న పని ఒకటి చేసి, చేశామని చెప్పండి. అడిగి, విని, ఏమీ చేయకపోతే అసలు అడగకుండా ఉన్నదానికన్నా ఎక్కువ నష్టం, ఎందుకంటే చెప్పినా దండగేనని మీరే రుజువు చేసినట్టవుతుంది. చేయలేనిది ఉంటే అదీ చెప్పండి, కారణంతో సహా.

ఎక్కడ దెబ్బతిందో దాన్నిబట్టి మరమ్మతు ఉండాలి. సత్తా మీద అనుమానమైతే ఒక మంచి డెలివరీ సగం తీర్చేస్తుంది. న్యాయం మీద అనుమానమైతే డెలివరీలు ఎన్ని ఇచ్చినా తీరదు, జరిగినదాని గురించి కూర్చుని మాట్లాడాల్సిందే, ఆ తర్వాత కూడా నెలలు పడుతుంది. కొన్ని సంబంధాలు బాగుపడవు కూడా. అలాంటిచోట అన్నీ రాతపూర్వకంగా, తేదీలతో సహా పెట్టుకుని, మర్యాద తగ్గకుండా పని నడిపించుకోవడం కూడా ఒక పద్ధతే.

8. మూడు నెలలకోసారి, షీటు జాగ్రత్త

మూడు నెలలకి మళ్లీ చూడండి, పాత అంకెలు చెరపకుండా పక్క కాలమ్‌లో కొత్తవి వేయండి. విడి అంకె కన్నా అది ఏ వైపు కదులుతోందన్నదే ఎక్కువ చెప్తుంది. ఈ స్కోర్లని మాత్రం ఎవరి అప్రైజల్‌కీ, బోనస్‌కీ ముడిపెట్టొద్దు. కొలత లక్ష్యంగా మారిన రోజున అది కొలతగా పనికిరాదని గుడ్‌హార్ట్ సూత్రం పేరుతో అందరూ చెప్పేది ఇక్కడ అక్షరాలా జరుగుతుంది, మరుసటి విడతకే అందరికీ 5లు వచ్చేస్తాయి.

షీటు ఎక్కడ పెడుతున్నారో కూడా ఆలోచించండి. అందులో ఉన్నవి మనుషుల గురించి మీ అభిప్రాయాలు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, తన గురించి ఒక సంస్థ దాచుకున్న వివరాలు చూపించమని అడిగే హక్కు మనిషికి ఉంది. మీరున్నచోట ఏ చట్టం ఉన్నా సరే, ఆ మనిషి చదివినా మీరు తల దించుకోనక్కర్లేని మాటలే రాయండి. "మొండి మనిషి" అని రాసే బదులు "రెండు సమీక్షల్లో మార్పులకి ఒప్పుకోలేదు, కారణం మనం అడగలేదు" అని రాస్తే, అడగాల్సింది మీరేనని కూడా అక్కడే కనపడుతుంది.